ముందు తెలియాలి, తర్వాత ఆలస్యం కావాలి: ఇంటికి పొరలపొరల భద్రత, చివరి పొరలో తుపాకీ

ఇంటి రక్షణ అనగానే మాట నేరుగా తుపాకీ మీదికి వెళ్లిపోతుంది. ఏ బోరు, ఏ కంపెనీ, మేగజైన్‌లో ఎన్ని తూటాలు పడతాయి అని. అదే ఇంటి వీధి తలుపు దగ్గరికి వెళ్లి చూస్తే, గడియ నాలుక దిగే ఇనప పట్టీని పట్టుకుని ఉండేవి రెండే రెండు 20 మి.మీ. స్క్రూలు. రెండు తన్నులకు ఊడొచ్చే తలుపు వెనక ఎంత మంచి తుపాకీ ఉన్నా లాభం లేదు. మీరు లేచి కళ్లు నులుముకునే లోపే మనిషి గదిలో ఉంటాడు. అందుకే ఇక్కడ తుపాకీ చివర వస్తుంది.

మొదట లెక్క

భద్రతంతా మూడు సమయాల లెక్క. చొరబాటు మీకు ఎప్పుడు తెలిసింది? తెలిశాక అతను మీ దాకా రావడానికి ఎంతసేపు పడుతుంది? మీరు సర్దుకుని తలుపేసుకుని ఫోన్ చేయడానికి ఎంతసేపు కావాలి? మూడోది రెండోదానికన్నా తక్కువ ఉండాలి. అంతే.

ఇందులో అందరూ తప్పే చోటు ఒకటుంది. మీకు తెలియక ముందు జరిగిన ఆలస్యం ఈ లెక్కలోకి రాదు. వీధి తలుపుకి మంచి తాళం వేశారు, దాన్ని పగలగొట్టడానికి 3 నిమిషాలు పట్టింది అనుకుందాం. మీ అలారం సెన్సారు మాత్రం హాల్లో ఉంది. తలుపు తెరుచుకుని మనిషి హాల్లో అడుగుపెట్టాకే సైరన్ మోగుతుంది. అప్పటికి ఆ 3 నిమిషాలూ గాలికి పోయాయి. మిగిలింది హాలు నుంచి పడకగది దాకా నడిచే పది సెకన్లు. అదే తలుపు చట్రానికి కుదుపు పట్టే సెన్సారు బిగిస్తే మొదటి తన్నుకే సైరన్ మోగుతుంది, ఆ 3 నిమిషాలు మీ చేతికొస్తాయి. తాళమూ మారలేదు, సెన్సార్ల సంఖ్యా పెద్దగా మారలేదు. వరస మారిందంతే.

ఒక కాగితం మీద గేటు, పెరడు, వీధి తలుపు, హాలు, పడకగది తలుపు అని రాసుకుని, పక్కన ఒక్కోదాన్ని దాటడానికి ఎంతసేపు పడుతుందో అంచనా వేయండి. ఎక్కడ మీకు తెలుస్తుందో అక్కడ గీత గీయండి. గీతకి ఇవతల ఉన్న సెకన్లే మీవి. తర్వాత ఒక రాత్రి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి, పడుకున్నవాళ్లు లేచి ఒకే గదిలోకి చేరి గడియ పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారంతో చూడండి. చిన్నపిల్లలో పెద్దవాళ్లో ఉన్న ఇంట్లో నిమిషం దాటడం మామూలే.

ఇంటి బయట

ప్రహరీ గోడ దొంగని ఆపదు. లోపలికొచ్చాక అతన్ని దాచిపెడుతుంది కూడా. నిలువెత్తు గోడ కన్నా వీధిలోంచి లోపలికి చూపు ఆనే కంచె చాలాసార్లు మేలు. కిటికీల కింద మొక్కలు మీటరుకి మించి పెరగనివ్వకండి, చెట్ల కొమ్మల్ని 2 మీటర్ల దాకా కొట్టేయండి. ఆ రెంటి మధ్య ఖాళీలో నక్కడానికి చోటుండదు. మేడ కిటికీ దాకా ఎక్కించే కొమ్మ, పెరట్లో ఆనించి వదిలేసిన నిచ్చెన, కిటికీ పక్కన పెట్టిన చెత్తడబ్బా, వీటిని తీసేయడానికి పైసా ఖర్చు లేదు.

లైటు ఎక్కువైతే భద్రత ఎక్కువ అనుకుంటారు. గోడ మీద ఒకే పెద్ద ఫ్లడ్ లైటు వేస్తే దాని వెలుగు అంచు అవతల చీకటి మరింత చిక్కబడుతుంది, కెమెరా కళ్లు చెదురుతాయి. తక్కువ వెలుగుతో రెండు మూడు లైట్లు, 2.5 నుంచి 3 మీటర్ల ఎత్తులో, నేలవైపు తిప్పి పెట్టండి. కదలికకి వెలిగే లైట్లలో ఉండే సెన్సారు తనకి అడ్డంగా వెళ్లే మనిషిని బాగా పట్టుకుంటుంది, నేరుగా తనవైపు నడిచొచ్చే మనిషిని ఆలస్యంగా పట్టుకుంటుంది. కాబట్టి దాన్ని గేటుకి ఎదురుగా కాదు, గేటు నుంచి వచ్చే దారికి పక్కగా బిగించాలి.

తలుపు: ఎక్కువ పని ఇక్కడే

తాళాన్ని నైపుణ్యంగా తెరిచేవాళ్లు తక్కువ. తన్నేవాళ్లు, గునపం దూర్చేవాళ్లే ఎక్కువ. తన్నినప్పుడు సాధారణంగా తాళం విరగదు, తలుపు రెక్కా విరగదు. నాలుక దిగిన చోట ద్వారబంధం చెక్క నిలువునా చీలుతుంది. ఎందుకంటే ఆ పొట్టి స్క్రూలు పైచెక్కని తప్ప వెనకున్న దేన్నీ పట్టుకోలేదు.

ద్వారబంధం చెక్క ఫ్రేముకి బిగించిన ఇళ్లలో మరమ్మతు ఇలా:

1. నాలుక దిగే పట్టీని విప్పండి. దాని స్థానంలో 4 లేదా అంతకన్నా ఎక్కువ రంధ్రాలున్న మందపాటి ఉక్కు పట్టీ పెట్టండి. పొడవాటిది దొరికితే ఇంకా మంచిది, దెబ్బ ఒకే చోట పడకుండా పంచుకుంటుంది.

2. 75 మి.మీ. స్క్రూలు తీసుకోండి. ముందు 3 మి.మీ. బిట్‌తో దారి రంధ్రం వేయాలి. గట్టి కలపలో ఇది మానేస్తే స్క్రూ మధ్యలోనే తెగుతుంది, తెగిన ముక్కని బయటికి లాగడం నరకం. రంధ్రాన్ని కాస్త లోపలివైపు, వెనకున్న నిలువు ఫ్రేము మధ్యకి వాలేలా వేయండి. నేరుగా వేస్తే ఒక్కోసారి ఫ్రేము అంచుని గీరుకుంటూ పోతుంది.

3. ద్వారబంధానికీ ఫ్రేముకీ మధ్య సందు ఉంటే అక్కడ చెక్క చీలికలు దట్టించండి. సందు వదిలేసి స్క్రూ బిగిస్తే ద్వారబంధం వెనక్కి లాక్కుపోతుంది, తలుపు వంకర తిరిగి గడియ పడదు. చివరి బిగింపు స్క్రూడ్రైవరుతో చేత్తోనే చేయండి.

4. బందుల దగ్గర కూడా ఒక్కోదానికి కనీసం ఒక స్క్రూని 75 మి.మీ.ది వేయండి. తాళం వైపు గట్టిపడితే దెబ్బ బందుల మీదికి వెళుతుంది.

ఇటుక గోడ ఇళ్లలో చెక్కకి చెక్క దొరకదు. ద్వారబంధంలోంచి గోడలోకి దిగేలా 100 నుంచి 120 మి.మీ. ఫ్రేం యాంకర్లు (గోడని పట్టుకునే పొడవాటి బోల్టులు) వాడాలి. పాత, మెత్తని ఇటుకలో విచ్చుకునే యాంకరు ఇటుకనే పగలగొడుతుంది. అక్కడ రసాయనంతో అతికే యాంకర్లు నయం. రంధ్రం వేశాక దుమ్ము బ్రష్‌తో తోమి ఊది తీయకపోతే ఆ రసాయనం దుమ్ముకి అతుక్కుంటుంది, గోడకి కాదు.

డెడ్‌బోల్టు (తాళం తిప్పితేనే బయటికొచ్చే గట్టి గడియ) నాలుక బయటికి 25 మి.మీ. రావాలి. చాలాచోట్ల అది పూర్తిగా రాదు, ఎవరూ గమనించరు. నాలుక కొసకి సుద్దముక్క రుద్ది, తలుపేసి తాళం తిప్పండి. తెరిచి చూస్తే ద్వారబంధం రంధ్రం అడుగున సుద్ద అంటుకుని ఉంటే, రంధ్రం లోతు చాల్లేదన్నమాట. పూర్తిగా బయటికి రాని నాలుక లోపల లాక్ అవదు. సన్నని పనిముట్టుతో దాన్ని వెనక్కి నెట్టేయొచ్చు. ఉలితోనో బిట్‌తోనో రంధ్రాన్ని ఇంకో 5 మి.మీ. లోతు చేయండి. మోటారు తిప్పే స్మార్ట్ లాకుల బ్యాటరీలు త్వరగా అయిపోవడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం. నాలుక ఎక్కడో రాసుకుంటూ ఉంటుంది, మోటారు మొరాయిస్తుంది.

ఒకే తాళంచెవి గొట్టం రెండువైపులా ఉండే యూరో సిలిండర్ అయితే అది హ్యాండిల్ పలక నుంచి 3 మి.మీ. కన్నా ఎక్కువ బయటికి పొడుచుకు రాకూడదు. వస్తే పట్టకారుతో పట్టి విరిచేస్తారు. మధ్యలో స్క్రూ కోసం వేసిన రంధ్రం దగ్గర అది సన్నగా ఉంటుంది, తెగేదీ అక్కడే. విరిగినా లోపలి భాగం నిలబడేలా చేసిన సిలిండర్లు దొరుకుతాయి.

తలుపు బయటికి తెరుచుకునేదైతే బందుల పిన్నులు బయటే ఉంటాయి. పిన్ను కొట్టి తీసినా రెక్క ఊడకుండా బందుల పక్కన రెక్కలోంచి ద్వారబంధంలోకి దిగే ఉక్కు ముక్కలు పెట్టుకోవాలి. రెక్క విషయానికొస్తే లోపల అట్టతో నింపిన తలుపు వీధి తలుపుగా పనికిరాదు. 44 మి.మీ. గట్టి చెక్కో ఉక్కో ఉండాలి. రెడీమేడ్ తలుపు కొనేవాళ్లు ఈఎన్ 1627 అనే యూరప్ ప్రమాణం చూడండి. అందులో ఆర్‌సీ2 అంటే స్క్రూడ్రైవరు, పట్టకారు, చీలికల్లాంటి చేతి పనిముట్లకి 3 నిమిషాలు, ఆర్‌సీ3 అంటే గునపం కూడా కలిపితే 5 నిమిషాలు నిలబడినట్టు పరీక్షించారని. తలుపు, ద్వారబంధం, తాళం కలిపి చేసిన పరీక్ష అది. తలుపు ఒక్కటే కొని పాత ద్వారబంధానికి తగిలిస్తే ఆ అంకెకి అర్థం లేదు.

తలుపు గొలుసు గురించి ఒక మాట. అది భద్రత కాదు. భుజంతో ఒక్క తోపుకి ఊడుతుంది. ఎవరొచ్చారో చూడ్డానికి కన్నం అద్దమో డోర్ కెమెరానో వాడండి, తలుపు తెరవకుండానే మాట్లాడండి.

లోపలివైపు కూడా తాళంచెవితోనే తెరుచుకునే బోల్టులు మాత్రం వద్దు. పక్కనే గాజు ఉంది, పగలగొట్టి చెయ్యి పెట్టి తిప్పేస్తారు అని కొందరు పెట్టించుకుంటారు. పొగ నిండిన చీకట్లో తాళంచెవి వెతుక్కోలేరు. ఆ భయం ఉంటే తాళం వదిలేసి గాజునే మార్చండి.

కిటికీలు, జారే తలుపులు

టెంపర్డ్ గాజు గట్టిదే, కానీ పదునైన మొన తగిలితే మొత్తం చిన్న చిన్న గింజలై రాలిపోతుంది, దారి తెరుచుకుంటుంది. దొంగకి అడ్డు పడేది లామినేటెడ్ గాజు. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. గాజు పగిలినా పొర పట్టుకుని ఉంటుంది, మనిషి దూరేంత కన్నం చేయాలంటే చాలాసేపు చప్పుడు చేస్తూ కొట్టాలి. గాజు మార్చలేకపోతే 200 మైక్రాన్ల సెక్యూరిటీ ఫిల్మ్ వేయించండి. అయితే ఫిల్మ్ అంచుల్ని చట్రానికి సీలెంటుతోనో పట్టీతోనో కలపకపోతే, పగిలిన గాజు ఫిల్మ్‌తో సహా పరుపులా లోపలికి పడిపోతుంది. వేసేవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టే పని అదే.

జారే తలుపుని పైకి ఎత్తితే పట్టాలోంచి ఊడొస్తుంది. పై పట్టాలో రెండు మూడు స్క్రూలు సగం దాకా బిగించి వదిలితే ఎత్తడానికి చోటుండదు, జారడానికి అడ్డూ ఉండదు. కింది పట్టాలో సరిగ్గా సరిపోయేలా కోసిన కర్ర వేయండి.

కిటికీ గ్రిల్స్‌ని బయట నుంచి స్క్రూలతో బిగించి ఉంటే తలలు వెల్డు చేయించండి. పడకగదుల్లో కనీసం ఒక గ్రిల్ లోపల నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. ఇది నిప్పు కోసం. దొంగ రావచ్చు, రాకపోవచ్చు. గ్రిల్ వెనక ఊపిరాడక చనిపోవడం అంతకన్నా ఘోరం.

తెలియజేసే పొర

ముందు తలుపులు, కిటికీల మీద అయస్కాంత సెన్సార్లు, చట్రాల మీద కుదుపు సెన్సార్లు. తర్వాతే లోపల కదలిక సెన్సార్లు. కదలిక సెన్సారుని 2.1 నుంచి 2.4 మీటర్ల ఎత్తులో, ఎండ పడే కిటికీకీ ఏసీ గాలికీ ఎదురు కాకుండా పెట్టండి. ఉత్తుత్తి అలారాలు ఎక్కువైతే ఇంట్లోవాళ్లే విసిగిపోయి ఆపేస్తారు. ఆపేసిన అలారం లేని అలారంతో సమానం. ప్యానెల్‌లోని 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీని మూడు నుంచి ఐదేళ్లకొకసారి మార్చాలి. అది చచ్చిందో లేదో తెలుసుకోవాలంటే మెయిన్ ఆపి, అలారం మోగించి చూడటమే.

కెమెరా విషయంలో మెగాపిక్సెల్స్ కన్నా ముఖం మీద ఎన్ని పిక్సెల్స్ పడుతున్నాయన్నదే ముఖ్యం. ఈఎన్ 62676-4 ప్రమాణం 2015 కూర్పు ప్రకారం మనిషి ఉన్నాడని తెలియడానికి మీటరుకి 25 పిక్సెల్స్ చాలు, తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి 125 కావాలి, తెలియని మనిషిని ఫలానా అని నిర్ధారించడానికి 250 కావాలి. 1080 కెమెరా అడ్డంగా 1920 పిక్సెల్స్ ఇస్తుంది. 1920ని 250తో భాగిస్తే 7.7 మీటర్లు. అంటే ఆ కెమెరా చూపు 7.7 మీటర్ల వెడల్పు దాటగానే ముఖం పనికిరాదు. సాధారణంగా వచ్చే 2.8 మి.మీ. వెడల్పు లెన్సుతో ఆ హద్దు కెమెరా నుంచి 3 మీటర్ల దగ్గరే వచ్చేస్తుంది. ఇంటి మూల మీద, పైన, గేటువైపు చూస్తూ పెట్టిన కెమెరాలో ముఖం గుర్తుపట్టలేకపోవడానికి కారణం ఇదే, పైగా ఆ ఎత్తు నుంచి టోపీ నడినెత్తి తప్ప ఏమీ కనపడదు. వీధి తలుపు పక్కన ముఖం ఎత్తుకి దగ్గరగా ఒకటి పెట్టండి, దూరం చూసేదానికి 6 మి.మీ. లాంటి ఇరుకు లెన్సు వాడండి.

రికార్డింగ్‌కి ఒక కెమెరా సెకనుకి 4 మెగాబిట్లు పంపితే రోజుకి సుమారు 43 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకి 2 టీబీ డిస్కు 11 రోజులు వస్తుంది. ఊరెళ్లి రెండు వారాలకి తిరిగొచ్చేసరికి మొదటి రోజులు చెరిగిపోయి ఉంటాయి. రికార్డర్ని టీవీ కింద పెట్టకండి, దొంగ దాన్నీ ఎత్తుకుపోతాడు. రూటరుకీ రికార్డరుకీ కలిపి యూపీఎస్ ఉండాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంచితే, ఇంటి లోపలి బొమ్మ ఎవరికైనా కనిపిస్తుంది.

ఒకే గదిలోకి

ఇల్లంతా కాపాడాలనుకోవద్దు. ఒక గదిని ఎంచుకోండి, పిల్లల గదికి దగ్గరది. దానికి గట్టి రెక్క, పైన చెప్పిన పొడుగు స్క్రూలు, లోపల నుంచి చేత్తో తిప్పే డెడ్‌బోల్టు. లోపల చార్జింగ్‌లో ఒక ఫోను, టార్చి, రక్తస్రావం ఆపే కట్లు ఉన్న ఫస్ట్ ఎయిడ్ పెట్టె. పోలీసులకి తలుపు తెరవడానికి కిటికీలోంచి విసరగలిగేలా, పెద్ద ట్యాగ్ తగిలించిన వీధి తాళంచెవి ఒకటి.

ఫోన్లో మొదట చెప్పాల్సింది చిరునామా. లైను తెగిపోయినా అది వాళ్ల దగ్గర ఉంటుంది. తర్వాత ఎంతమంది లోపల ఉన్నారు, ఏ గదిలో, ఇంట్లో తుపాకీ ఉంటే ఎవరి దగ్గర ఉంది, ఏ బట్టలు వేసుకున్నారు. లైను పెట్టేయకండి. టీవీనో నగలో తీసుకెళుతుంటే తీసుకెళ్లనివ్వండి. ఇంట్లోవాళ్లంతా ఆ గదిలోకి చేరిపోయాక మెట్లు దిగి ఇల్లు వెతకడం పోలీసులకే ప్రమాదకరమైన పని, ఒంటరి మనిషికి ఇంకా ఎక్కువ.

తుపాకీ

మీ దేశ చట్టం, లైసెన్సు ఏం చెబుతున్నాయో అది మొదట. తుపాకీ ఉండొచ్చా, ఎలా దాచాలి, ఎప్పుడు పేల్చొచ్చు అన్నవి చోటుకో రకంగా ఉంటాయి. ఆస్తి కోసం కాల్చడానికి చాలాచోట్ల అనుమతి లేదు. పారిపోతున్న మనిషిని కాలిస్తే అది ఆత్మరక్షణ కాదు. చట్టబద్ధంగా ఉంచుకోలేకపోతే ఈ భాగం మీకు వర్తించదు, పై పొరలు మాత్రం పూర్తిగా వర్తిస్తాయి.

ఇంట్లో తుపాకీ ఉండటం వల్ల వచ్చే పెద్ద ప్రమాదం బయటి దొంగ నుంచి కాదు. పిల్లల చేతికి దొరకడం, కుంగుబాటులో ఉన్న మనిషి చేతికి దొరకడం, దొంగతనానికి పోవడం. పిల్లలకి తెలియని చోటు ఇంట్లో ఉండదు. అల్మరా పైన, పరుపు కింద, బట్టల మధ్య దాచడం దాచడం కాదు. ఇంట్లో ఎవరైనా చనిపోవాలని మాట్లాడుతుంటే, గొడవలు శ్రుతి మించుతుంటే, తుపాకీని చట్టం ఒప్పుకునే మరో చోటికి వెంటనే మార్చండి. తాళం మార్చడం చాలదు.

దాచడానికి మూలసూత్రం: తుపాకీ ఖాళీగా, తాళంలో, తూటాలు వేరే తాళంలో. రక్షణకి దగ్గర ఉంచుకుంటామనేవాళ్లు పడకగదిలో త్వరగా తెరుచుకునే చిన్న ఉక్కు పెట్టెని గోడకో మంచం చట్రానికో బోల్టు వేసి వాడాలి. బోల్టు వేయని పెట్టెని దొంగ చంకన పెట్టుకుని పోతాడు, తీరిగ్గా పగలగొట్టుకుంటాడు. వేలిముద్ర ఒక్కటే నమ్ముకోవద్దు. తడి వేలు, చెమట, నూనె అంటితే చదవదు. చీకట్లో తడుముతూ నొక్కగలిగే బటన్ల లాకు నయం. బ్యాటరీని ఏడాదికొకసారి, అది అయిపోకముందే మార్చండి. అత్యవసర తాళంచెవిని ఆ పెట్టె లోపలే పెట్టుకునేవాళ్లు నిజంగానే ఉంటారు.

పెద్ద సేఫ్ కొనేటప్పుడు అమెరికా పరీక్షా సంస్థ యూఎల్ పెట్టిన 1037 ప్రమాణం కింద రెసిడెన్షియల్ సెక్యూరిటీ కంటైనర్ అన్న ముద్ర చూడండి. చేతి పనిముట్లతో 5 నిమిషాల దాడికి తట్టుకున్నదని దానర్థం. 2 మి.మీ. లోపు రేకుతో చేసిన క్యాబినెట్ పిల్లల్ని ఆపుతుంది, గునపాన్ని ఆపదు. నేలకి నాలుగు మూలలా 10 లేదా 12 మి.మీ. యాంకర్ బోల్టులు వేయండి. గోడల మూలకి ఆనించి పెడితే గునపం దూర్చి ఊపడానికి చోటుండదు. లోపల తేమ 50 శాతం లోపు ఉండాలి. సిలికా జెల్ సంచులు నీరు పీల్చుకుని నిండాక పనిచేయవు, మళ్లీ ఆరబెట్టాలి. తుపాకీని తోలు లేదా ఫోమ్ సంచిలో ఉంచి సేఫ్‌లో పెడితే తేమ పట్టి తుప్పు మరీ త్వరగా వస్తుంది.

ట్రిగ్గర్ లాకుని నిండిన తుపాకీకి ఎన్నడూ తగిలించకండి, తగిలించేటప్పుడే అది ట్రిగ్గర్‌ని నొక్కొచ్చు. చాంబర్లోంచి (పేలబోయే తూటా కూర్చునే చోటు), మేగజైన్ గూటిలోంచి దూరే కేబుల్ లాకు మెరుగు. అది ఉన్నంతసేపు తూటా లోపలికి పోలేదు.

ఖాళీ చేయడంలో వరసే ప్రాణం. పిస్టల్ అయితే గొట్టం సురక్షితమైన దిక్కుకి, వేలు ట్రిగ్గర్ గార్డు బయట. ముందు మేగజైన్ తీయాలి. తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే ఉక్కు భాగం) లాగాలి, చాంబర్లో ఉన్న తూటా బయటికి పడుతుంది. స్లైడ్‌ని వెనక్కి ఆపి, చాంబర్‌ని కంటితో చూసి, వేలితో తడిమి, మేగజైన్ గూడు కూడా ఖాళీ అని చూడాలి. ఈ వరస తిరగబడి, స్లైడ్ లాగాక మేగజైన్ తీస్తే, పడిపోయిన తూటా స్థానంలోకి మేగజైన్ నుంచి కొత్తది ఎక్కేసి ఉంటుంది. చేతిలో మేగజైన్, కింద తూటా చూసి ఖాళీ అయిందనుకుంటారు. అనుకోకుండా పేలిన సంఘటనల్లో పదేపదే కనిపించే వరస ఇదే. మేగజైన్ లేకపోయినా చాలా పిస్టళ్లు చాంబర్లో ఉన్న తూటాని పేలుస్తాయి. పంప్ షాట్‌గన్ (చేత్తో ముందుకీ వెనక్కీ లాగి తూటా ఎక్కించే, ఒకేసారి చాలా గుళ్లు చిమ్మే పొడుగు తుపాకీ) అయితే చాంబరే కాదు, గొట్టం కింద ఉండే మేగజైన్ ట్యూబు, మధ్యలో తూటాని ఎత్తే పలక కూడా చూడాలి.

ఒకే తూటాని రోజూ చాంబర్లోకి ఎక్కించి దింపుతూ ఉంటే, దాని గుండు మెల్లగా తొడుగులోకి దిగిపోతుంది. లోపల చోటు తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే ఇక వాడొద్దు.

ఏది ఎంచుకోవాలి? దాన్ని వాడే పెద్దవాళ్లంతా సేఫ్‌లోంచి తీసి, ఖాళీ చేసి, నింపి, గురి పెట్టగలిగేదే సరైనది. పిస్టల్ చిన్నది, ఒక చేత్తో ఫోనో పిల్లాడినో పట్టుకోవచ్చు. కానీ గురి కుదరడం అన్నిటికన్నా దానితోనే కష్టం. పొడుగు తుపాకులు భుజానికి ఆనుతాయి, గురి నిలబడుతుంది, గుమ్మాల్లో మాత్రం తట్టుకుంటాయి, ఎదుటివాడి చేతికి చిక్కుతాయి. షాట్‌గన్ గుళ్లు గదంతా పరుచుకుంటాయి, గురి అక్కర్లేదు అనే మాట పూర్తిగా తప్పు. 5 మీటర్ల దూరంలో అవి పడే చోటు జానెడు కూడా ఉండదు. గురి తప్పితే తప్పినట్టే.

గోడలు అంతకన్నా ముఖ్యం. షాట్‌గన్‌లో వేసే పెద్ద గుళ్ల తూటా, 12 గేజ్ డబుల్ ఓ బక్‌షాట్‌లో ఒక్కో గుండు 8.4 మి.మీ. లావు ఉంటుంది, ఒక తూటాలో సాధారణంగా 8 లేదా 9 ఉంటాయి. అవి గానీ, పిస్టల్ తూటాలు గానీ, రైఫిల్ తూటాలు గానీ జిప్సం బోర్డు గోడల్ని రెండు మూడు దాటిపోగలవు. కొసలో గుంత ఉండి విచ్చుకునే హాలో పాయింట్ తూటా శరీరంలో త్వరగా ఆగుతుంది కానీ దాని నోటిలో జిప్సం నిండితే విచ్చుకోదు, దూసుకుపోతుంది. మంచి ఇటుక గోడ పిస్టల్ తూటాని సాధారణంగా ఆపుతుంది. దాని మధ్యనున్న తలుపూ కిటికీ ఆపవు. గట్టి కాంక్రీటు మీద తూటా ముక్కలు వెనక్కి ఎగురుతాయి. పగటిపూట ఆ గదిలో నిలబడి, తలుపువైపు గీసిన ప్రతి గీతా ఎక్కడికి పోతుందో చూడండి. అవతల పిల్లల మంచం ఉందా, పొరుగింటి గోడ ఉందా? ఉంటే మంచాలు మార్చండి, లేదా మీరు నిలబడే చోటు మార్చండి.

తుపాకీకి బిగించిన లైటుతో ఎవరో చూడటమంటే, వాళ్ల మీద తుపాకీ గురి పెట్టడమే. రాత్రి నీళ్లకి లేచిన ఇంటి మనిషే అయి ఉండొచ్చు. అందుకే చేతిలో విడిగా ఒక టార్చి తప్పనిసరి. ముందు పేరు పెట్టి పిలవండి, తర్వాత వెలుగు వేయండి, ముఖమూ చేతులూ చూడండి. గదిలో తుపాకీ పేలితే శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటిన ఒక్క పేలుడే వినికిడికి శాశ్వత నష్టం చేయగలదు. పెట్టె పక్కన ఎలక్ట్రానిక్ చెవి కప్పులు ఉంచితే చిన్న చప్పుళ్లు కూడా బాగా వినిపిస్తాయి, చెవులూ దక్కుతాయి.

ఇంట్లో సాధన చేసేటప్పుడు గదిలో ఒక్క నిజమైన తూటా కూడా ఉండకూడదు. డమ్మీ తూటాలు వాడండి, గొట్టం ఎదుట తూటాని ఆపగల గోడ ఉండాలి. సాధన అయిపోయింది అని పైకి చెప్పి పెట్టెలో పెట్టేయండి. ఇంకొక్కసారి అని మళ్లీ నింపిన తుపాకీ ట్రిగ్గర్ లాగినప్పుడే పేలుతుంది.

పోలీసులు వచ్చేసరికి తుపాకీ మీ చేతిలో ఉండకూడదు. వాళ్లకి దొంగెవరో ఇంటి యజమానెవరో తెలియదు. ఫోన్లో ఉన్న మనిషికి చెప్పి పెట్టెలో పెట్టి, చేతులు ఖాళీగా కనిపించేలా ఉంచండి, వాళ్లు చెప్పినట్టు మెల్లగా కదలండి.

ఆరు నెలలకొకసారి

పొడుగు స్క్రూలు బిగువు చూడండి, వర్షాకాలం తర్వాత చెక్క ఉబ్బి నాలుక సరిగ్గా దిగుతోందో సుద్దతో మళ్లీ పరీక్షించండి. తాళంలో గ్రాఫైట్ పొడి వేయండి. వంటనూనె వేస్తే దుమ్ము పట్టి బిగుసుకుంటుంది. సెన్సార్ల మీది సాలెగూళ్లు తుడవండి, రాత్రి కెమెరా ముందు సాలీడు కూర్చుంటే బొమ్మంతా తెల్లగా మెరుస్తుంది. రికార్డరు గడియారం సరిగ్గా ఉందా అని ఫోనుతో పోల్చండి. టార్చి, కుడి చెయ్యి పడే చోటే ఉందా? ఇల్లు చేతులు మారినా, పనిమనిషి మారినా, తాళంచెవి పోయినా సిలిండరునీ కీప్యాడు అంకెల్నీ అదే రోజు మార్చేయండి.